సున్నం కింది పేరు

మొన్న ఆసుపత్రిలో నర్సు డ్యూటీలో ఉండగా ఒకామెను ఆటోలో తీసుకొచ్చారు. ఇంటికి సున్నం వేస్తుంటే చింది కంట్లో పడిందట. కూర్చోబెట్టి సెలైన్‌తో కన్ను కడుగుతుంటే మంటకు తట్టుకోలేక నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. వేళ్ళ సందుల్లో సున్నం ఎండిపోయి ఉంది. గోళ్ళ చుట్టూ చర్మం పగిలి ఉంది. అలాంటి చేయి ఒకటి ఇదే వార్డులో, నా చేతిలోనే చల్లబడి ఇంకా ఏడాది నిండలేదు.

ఆ చేయి మా ఊరి పెద్దమ్మది. నాకు సొంత పెద్దమ్మ కాదు. మా చర్చికి వచ్చేవాళ్ళందరికీ ఆవిడ పెద్దమ్మే. ఆవిడ పేరు ఇక్కడ రాయను. తాత పేరు లేనిచోట తన పేరు ఉంటే ఆవిడ ఒప్పుకోదు.

పేర్ల విషయంలో అంత పట్టుదల ఉన్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. కొత్తవాళ్ళెవరు కనపడినా మొదట "నీ పేరేంది?" అనేది. ఆ వెంటనే "నీ తాత పేరేంది?" అనేది. భద్రాచలం నుంచి పర్ణశాల పోయే బస్సు మా చర్చి ముందే ఆగుతుంది. కండక్టరును అడిగేది. చీరల మూట దించినాయనను, మూట విప్పకముందే అడిగేది. ఒకసారి ఓటర్ల పేర్లు సరిచూడటానికి వచ్చిన ఉద్యోగి దగ్గరే ఆయన తాత పేరు, ముత్తాత పేరు రాబట్టి పంపింది. పాపం ఆయన ఏం పని మీద వచ్చాడో మరిచిపోయి మళ్ళీ వెనక్కి వచ్చాడు. తాత పేరు చెప్పలేనివాళ్ళు దొరికితే మాత్రం ఇక వాళ్ళ పని అయిపోయినట్టే.

"చెప్పేటోళ్ళు ఇంట్ల ఉండంగ అడగవా? ఆళ్ళు పోయినంక ఎవర్ని అడుగుతవు? గోడనా?" అని దులిపేసేది.

ముద్దుపేర్లంటే ఆవిడకు గిట్టదు. మా చెల్లెలి బిడ్డను మేమంతా చిన్నీ అని పిలుస్తుంటే విని, "బాప్తిస్మంల పేరు పెట్టింది ఎందుకు, అటక మీద దాసుకోనీకా?" అని మా చెల్లెలిని అందరిముందూ కడిగేసింది. మా చెల్లెలికి కోపం వచ్చింది. నాకూ వచ్చింది. ఈ ముసలామెకు ఊళ్ళోవాళ్ళ పిల్లల పేర్లతో ఏం పని అనుకున్నాను. ఆవిడ బాధ ఏమిటో అప్పటికి నాకు సగమే తెలుసు.

మా చర్చి పాతది. రాతి గోడలు, పెంకుల కప్పు, టేకు దూలాలు. గుమ్మం పక్కన, మనిషి ఎత్తులో గోడలోకి పొదిగిన ఒక నాపరాయి ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధానికి ఇక్కడి నుంచి పోయి తిరిగిరాని మనుషుల పేర్లు దాని మీద చెక్కించారు. వాళ్ళు తుపాకీ పట్టిన సిపాయిలు కాదు. మూటలు మోయడానికి, కంచరగాడిదలు తోలడానికి పోయినవాళ్ళు. అప్పటి మిషనరీ దొరగారే మనుషుల్ని కూడగట్టి గోదారి దాటించి పంపాడట. వాళ్ళు రాలేదని తెలిశాక ఆయనే ఈ రాయి పెట్టించాడట. పంపినాయనకే ఆ బరువు ఎక్కువై ఉంటుంది.

ఆ పోయినవాళ్ళలో పెద్దమ్మ తాత ఒకడు. ఊళ్ళో ఆయన్ను బుచ్చోడు అనేవాళ్ళు. పోయేముందే, అదీ బయల్దేరే వారంలోనే, బాప్తిస్మం తీసుకున్నాడు. దొరగారు కొత్త పేరు పెట్టాడు. ఆ పేరుతో పిలవడం ఊళ్ళో ఎవరికీ అలవాటయ్యేలోపే మనిషి వెళ్ళిపోయాడు. అప్పటికి పెద్దమ్మ నాన్న ఇంకా తల్లి కడుపులోనే ఉన్నాడు. కడుపుతో ఉన్నట్టు ఆ తల్లికే అనుమానంగా ఉందట, మొగుడితో చెప్పలేదట. అంటే ఆయన తనకో కొడుకు ఉన్నాడని కూడా తెలియకుండా పోయాడు.

కొత్త పేరు తెలిసిన మనిషి ఇంట్లో ఒక్కతే, ఆయన భార్య. ఆమె ఆ పేరు పలకదు. మొగుడి పేరు నోటితో అంటే ఆయుష్షు తగ్గుతుందని ఆ కాలపు ఆడవాళ్ళ భయం. మొగుడు పోయాక ఇంకేం ఆయుష్షు అంటారేమో. ఆమె ఆయన శవాన్ని చూడలేదు కదా. ఎక్కడో సముద్రం అవతల బతికే ఉన్నాడేమో, తాను పేరు పలికితే ఆ ఉన్న ప్రాణం కాస్తా పోతుందేమో అని ఆమె గుబులు. కొడుకు అడిగినా చెప్పలేదు. తర్వాత మనవరాలు, అంటే మన పెద్దమ్మ, ఒళ్ళో కూర్చొని గడ్డం పట్టుకొని అడిగినా చెప్పలేదు. చెయ్యి పట్టుకొని చర్చి గుమ్మం దాకా తీసుకుపోయి, రాయి మీద అడుగు వరుస చూపించి, "గదే" అనేదట.

"గదే అంటే ఏం సదువుతం బిడ్డా, అంత తెల్లగ ఉంటే" అనేది పెద్దమ్మ, ఈ కథ చెప్పిన ప్రతిసారీ.

రాయి తెల్లగా ఎందుకుందో చెప్పాలి. మా దగ్గర సమాధుల పండుగ గట్టిగా చేస్తాం. దానికి ముందే అందరూ తమవాళ్ళ సమాధులు కడిగి, గడ్డి పీకి, సున్నం వేస్తారు. పండుగనాడు పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. యుద్ధానికి పోయినవాళ్ళకు సమాధుల్లేవు. వాళ్ళ ఇళ్ళవాళ్ళు ఎక్కడికి పోవాలి? గుమ్మం పక్కనున్న ఆ రాయి దగ్గరికే పోయారు. దాన్నే కడిగారు, దానికే సున్నం వేశారు. పెద్దమ్మ నాయనమ్మ వేసింది, నాన్న వేశాడు, ఇద్దరికీ చదువు రాదు, ఆ తర్వాత పెద్దమ్మ చేతికి కుంచె వచ్చింది. పేర్లన్నీ అలా పూతల కింద పూడిపోయాయి. పెద్దమ్మకు అక్షరాలు కూడబలుక్కునే వయసు వచ్చేసరికే చదవడానికి ఏమీ మిగల్లేదు. చర్చి పాత కాగితాలేమో ఒక గోదారి వరదలో కొట్టుకుపోయాయి.

అంత పట్టింపు ఉన్న మనిషి ఆ సున్నం గీకి చూసుకోవచ్చు కదా అని నేనే ఒకసారి అన్నాను. ఆవిడ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

"నీ నాయిన సమాధిని నువ్వు గీకుతవా?" అంది.

నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

పండుగ ముందు ఆవిడ సున్నం వేస్తుంటే చూడాలి. సున్నపు రాళ్ళు కుండలో వేసి తానే నీళ్ళు పోసేది. ఇంకెవర్నీ పోయనిచ్చేది కాదు. కుతకుత ఉడికి చల్లారాక గుడ్డతో వడకట్టి, చిటికెడు నీలిమందు కలిపేది. ఈతమట్ట కొసను చితగ్గొట్టి కుంచె చేసుకునేది. పై వరుసలకు ఒక పూత, అడుగు వరుసకు మాత్రం రెండు పూతలు. ఎందుకంటే "మా తాతకు గదొక్కటే గదా మనం చేసేది" అనేది. వాళ్ళ నాయనమ్మ కూడా అలాగే వేసేదట. పని అయ్యాక సున్నం అంటిన చేతులతోనే రాయి ముందు నిలబడి కళ్ళు మూసుకునేది. ప్రార్థనలో ఆవిడ పెదాలు ఒకచోట ఆగిపోయేవి. పేరు రావాల్సిన చోట అది. అది వదిలేసి మళ్ళీ మొదలుపెట్టేది.

ఆవిడ విశ్వాసం మరీ సూటిది. కడపటి దినాన ప్రభువు ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి పిలుస్తాడు, ఎవరివాళ్ళు వాళ్ళను కలుసుకుంటారు. అందులో ఆవిడకు రవ్వంత అనుమానం లేదు. భయమల్లా ఒక్కటే.

"బుచ్చోడా అని కేకేస్తే పైన ఎంతమంది తిరిగి సూస్తరు చెప్పు. ఆయన మొఖం నాకు తెల్వదు. పేరన్న తెల్వాలె గద బిడ్డా. ఒక్కసారి సదువుకొని పోతే సాలు."

మేము నవ్వేవాళ్ళం. ఆవిడా నవ్వేది. కానీ ఆవిడ నవ్వుతూ మా మొహాల్లోకి చూసేది, ఎవరైనా దీనికి జవాబు చెబుతారేమో అన్నట్టు.

మా ఊరి వెనక కోయగూడెం ఉంది. వాళ్ళు చనిపోయినవాళ్ళ కోసం పొలిమేరలో రాయి నిలబెడతారు. ఒకసారి చింతపండుకో ఇప్పపువ్వుకో నేనూ ఆవిడా ఆ దారిన పోతుంటే ఆ రాళ్ళ దగ్గర ఆగింది. "ఈళ్ళే నయం. రాయి మీద ఏం రాయరు, ఎవరి రాయేదో మనసుల ఉంచుకుంటరు. మనం రాసుకున్నం. రాసుకున్నం గదా అని మర్శిపోయినం" అంది. నాకు ఆవిడ మాటల్లో అన్నిటికంటే ఎక్కువ గుర్తొచ్చేది ఇదే.

పోయినేడాది చర్చి కమిటీ గుమ్మం వైపు గోడ పడగొట్టి చర్చిని ముందుకు పెంచాలని తీర్మానించింది. జనం పెరిగారు, ఆదివారం సగంమంది చెట్టు కింద కూర్చుంటున్నారు, కాబట్టి పెంచడం తప్పేమీ కాదు. రాయి సంగతేమిటని పెద్దమ్మ అడిగితే, "తీసి పక్కన పెడ్తం పెద్దమ్మా, ఆగితే ఆగుతది, పగిల్తే ఏం జేస్తం" అన్నాడు కమిటీ పెద్ద. మా చర్చిలో ప్రతి ఫ్యాను రెక్క మీదా ఇచ్చినవాళ్ళ పేరు ఉంటుంది. తిరుగుతున్నప్పుడు కనపడదని కరెంటు పోయినప్పుడు తలెత్తి చదువుకుంటారు. ఫ్యాను ఇచ్చినవాడి పేరు మీద ఉన్న బెంగ ప్రాణం ఇచ్చినవాడి పేరు మీద లేకపోయిందని నేను ఆ రోజు అందరి ముందే అన్నాను. నాకు నోరు ఎక్కువని అప్పటికే పేరుంది కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

పాస్టరు గారు మాత్రం పట్టించుకున్నాడు. కుర్రవాడు, మెత్తటి మనిషి. పురావస్తు శాఖ వాళ్ళకు ఫోన్ చేశాడు. ఫొటో పంపమన్నారు. పంపాడు. ఫొటోలో ఏముంది, తెల్లటి పలక. "పేర్లు కనపడితే మేమొచ్చి చూస్తాం, నిజంగా యుద్ధ స్మారకమే అయితే ఆ గోడ జోలికి ఎవరూ పోకుండా చూస్తాం" అన్నారు. కమిటీ కూడా, వాళ్ళు వచ్చి చూసేదాకా ఆగుతాం, కానీ వానాకాలం లోపే తేలాలి అంది.

పేర్లు కనపడాలంటే సున్నం పోవాలి. ఆ మాట పాస్టరు గారు పెద్దమ్మకు ఎలా చెప్పాడో నాకు తెలియదు. నేను వెళ్ళేసరికి ఆవిడ తన అరుగు మీద గోడకు ఆనుకొని కూర్చొని ఉంది.

"గీకాల్నట" అంది.

"నువ్వు గీకొద్దు పెద్దమ్మా. వేరేవాళ్ళు చూసుకుంటరు."

"ఏసింది మేము. తీసుడు గూడ మేమే తియ్యాలె. వేరేటోళ్ళ చెయ్యి పడితే ఊకుంటనా?" అని లేచి, "గీకను. కడుగుత" అంది.

ఇత్తడి బిందెను చింతపండుతో తోమినట్టు రాయిని తోమడం మొదలుపెట్టింది. నానబెట్టిన చింతపండు గుజ్జు పట్టించి, ఆరనిచ్చి, గుడ్డతో రుద్ది, నీళ్ళు పోసి, మళ్ళీ పట్టించి. పైనుంచి కిందికి. పై వరుసలవాళ్ళు తాతకంటే ముందు పేరు ఎక్కినవాళ్ళు, వాళ్ళను దాటి తన తాత దగ్గరికి పోకూడదని ఆవిడ లెక్క. తానే స్టూలు మీదికి ఎక్కేది. నేను పట్టుకుంటానంటే, "నీకు డ్యూటీ లేదా?" అనేది.

మొదటి పేరు బయటపడిన రోజు నేను ఊళ్ళోనే ఉన్నాను. గుజ్జు కడిగితే తెలుగు అక్షరాలు, గుండ్రంగా, పాత కాలపు రాతలో, ఒక్కొక్కటే తేలాయి. ఆ ఇంటివాళ్ళకు కబురు పంపారు. ఆ మనిషి ముని మనవడు నేలకొండపల్లిలో ఉద్యోగం చేస్తాడు, మరుసటి ఆదివారం పెళ్ళాం పిల్లలతో వచ్చి ఆ అక్షరాల మీద వేలు పెట్టి ఏడ్చాడు. ఇంతకుముందు రాయి వైపు కన్నెత్తి చూడనివాళ్ళు ఇప్పుడు వరుస కట్టారు. ఒక్కో పేరు తేలుతుంటే ఒక్కో ఇల్లు వచ్చింది. పెద్దమ్మ వాళ్ళందరి కంటే ఎక్కువ సంతోషపడింది. "సదువు, గట్టిగ సదువు" అని ప్రతి ఒక్కరి చేతా పేరు పైకి చదివించింది. ఇక తన వంతే మిగిలింది.

అడుగు వరుస లొంగలేదు. పై నుంచి కారిన సున్నమంతా అక్కడే పేరుకుంది. పైగా రెండేసి పూతలు. నాయనమ్మ ప్రేమ, నాన్న ప్రేమ, ఈవిడ ప్రేమ, అన్నీ అక్కడే గట్టిపడి కూర్చున్నాయి. చింతపండు ఎంత రుద్దినా పైపొర కాస్త నున్నబడిందే తప్ప అక్షరం కొస కూడా కనపడలేదు. ఈలోగా పురావస్తు శాఖ ఆఫీసరు ఫలానా రోజు వస్తున్నాడని పాస్టరు గారికి ఫోన్ వచ్చింది. నేను పెద్దమ్మతో, "ఉన్నవి సాలు, గోడ ఆగిపోతది. నీది మెల్లగ తర్వాత కడుక్కుందువులే, ఎటు పోతది" అన్నాను. తలూపింది.

ఆవిడకు ఆగే ఓపిక అయిపోయిందని నేను కనిపెట్టలేదు. కనిపెట్టాల్సింది అని కూడా అనను. ఎనభై దాటిన మనిషి, జీవితమంతా ఆగిన మనిషి, చివరి పూత దగ్గర ఎలా ఆగుతుంది?

ఆఫీసరు రావడానికి ముందు రోజు నాకు పగటి డ్యూటీ. ఆవిడ హార్డ్‌వేర్ దుకాణానికి పోయి, బండలు కడిగే యాసిడ్ సీసా కొన్నదట. దుకాణం సాయిబు గారు నాకు తర్వాత చెప్పాడు. "దేనికి పెద్దమ్మా అంటే, బాత్రూంల సున్నం మరకలు పడ్డయి అన్నది. జర జాగ్రత్త, చేతులకు తగలనియ్యకు అని చెప్పిన సిస్టర్. నాకేం తెల్సు" అని తల కొట్టుకున్నాడు. పులుపు సున్నాన్ని తింటుందని ఆవిడకు తెలుసు. చింతపండు కంటే యాసిడ్ ఎక్కువ పులుపు. అంతవరకు ఆవిడ లెక్క సరిగ్గానే ఉంది. నాపరాయి కూడా సున్నం జాతిదేనని, సున్నాన్ని తినే యాసిడ్ రాయినీ తింటుందని ఆవిడకు తెలియదు. మాలో ఎవరికీ తెలియదు.

డ్యూటీ దిగి ఊరికొచ్చేసరికి సాయంత్రం. చర్చి గుమ్మం దగ్గర ఆవిడ నేల మీద కూర్చొని ఉంది. ఘాటు వాసనకు నాకు దగ్గు వచ్చింది. పక్కన ఖాళీ సీసా. ఆవిడ కుడిచేతి వేళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. ముందు ఆ చేతిని తీసుకుపోయి కుళాయి కింద పెట్టాను.

"బుసబుస పొంగింది బిడ్డా" అంది. "పొంగుతుంటే వస్తున్నది, వస్తున్నది అనుకున్న. ఒక అక్షరం అంచు కనపడ్డట్టు గూడ అయింది. నీళ్ళు తెచ్చేసరికి లేదు."

రాయి వైపు చూశాను. పై వరుసల పేర్లు శుభ్రంగా, నల్లగా ఉన్నాయి. అడుగున ఒక జానెడు వెడల్పు మేర రాయి లోపలికి గుంట పడి, నున్నగా, తడిగా మెరుస్తోంది.

"నీ కండ్లు మంచిగుంటయి. జర సూడు. ఒక్క అక్షరం, ఏదన్న ఒక్కటి" అంది.

మొబైల్ లైటు వేసి, మొహం రాయికి ఆనించినంత పని చేసి చూశాను. పక్క నుంచి చూశాను, కింది నుంచి చూశాను, వేలితో తడిమాను. ఏమీ లేదు. నోటికొచ్చిన ఏదో ఒక బాప్తిస్మం పేరు చెప్పడం ఎంతసేపు? ఏసుదాసు అనొచ్చు, దేవసహాయం అనొచ్చు. ఆవిడ ఆ క్షణమే లేచి నిలబడేది. నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆవిడ దాన్ని నిజంగా నమ్ముతుంది. పైకి పోయి ఆ పేరుతో ఎవర్నో పిలుస్తూ తిరుగుతుంది. నా వల్ల కాలేదు.

"లేదు పెద్దమ్మా" అన్నాను.

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "మా నాయనమ్మ గట్టిది. చెప్పలే, చూపెట్టలే" అని, మళ్ళీ తానే "చూపెట్టింది పాపం. నేనే..." అంది.

మర్నాడు ఆఫీసరు వచ్చాడు. మంచివాడే. చెప్పులు విప్పి గుమ్మం దగ్గరికి వచ్చాడు. పేర్లు ఒక్కొక్కటీ చదివి రాసుకున్నాడు, ఫొటోలు తీసుకున్నాడు. "ఇలాంటివి పట్నాల్లో పెద్ద చర్చిల్లో చూశాను. మూటలు మోసినవాళ్ళ పేర్లు, తెలుగులో, అడవి అంచున ఇలా నేను చూడలేదు. ఈ గోడను ముట్టుకోవద్దు. పెంచుకోవాలంటే అటువైపు పెంచుకోండి" అన్నాడు. కమిటీ పెద్ద మొహం వెలిగిపోయింది. పడగొట్టమన్నది ఈయనేనా అనిపించింది నాకు. అందరూ చప్పట్లు కొట్టారు. రాయి దక్కింది, గోడ దక్కింది.

ఆఫీసరు వంగి అడుగున చూశాడు. "ఇక్కడ ఇంకో వరుస ఉండాలే?"

పాస్టరు గారు తల దించుకున్నాడు. వెనక నుంచి పెద్దమ్మ ముందుకొచ్చింది, చేతికి నేను కట్టిన కట్టుతో.

"ఉండె సార్. మా తాత."

"పేరేంటమ్మా?"

"తెల్వదు సార్. గా రాయికే తెల్సు."

ఆయనకు అర్థం కావడానికి పాస్టరు గారు అంతా చెప్పాల్సి వచ్చింది. విని ఆయన మళ్ళీ వంగి ఆ గుంటను వేలితో తడిమాడు. "కనపడని పేరు నేను రాయలేనమ్మా. చివరి వరుస చెరిగిపోయింది అని మాత్రం రాస్తాను" అన్నాడు.

"చెరిగిపోలే సార్. చెరిపిండ్రు అని రాయండి. ఎవరు చెరిపిండ్రో గూడ రాయండి. నా పేరు చెప్త, రాసుకోండి" అంది పెద్దమ్మ.

ఆయన రాసుకోలేదు. కలం మూసి జేబులో పెట్టుకొని ఆవిడకు దండం పెట్టాడు. ఆ దండంతో ఆవిడ ఏం చేసుకుంటుంది?

ఆ తర్వాత రాయికి అద్దం బిగించారు. పక్కన నల్ల గ్రానైటు పలక మీద ఆ పేర్లన్నీ కొత్తగా చెక్కించారు. చెక్కించేముందు కమిటీ పెద్ద పెద్దమ్మ ఇంటికి వచ్చి, "బుచ్చోడు అని రాయిద్దామా?" అని మర్యాదగానే అడిగాడు. ఆవిడ ఒప్పుకోలేదు. ఆ పేరును విడిచిపెట్టి వెళ్ళిన మనిషి కదా. "రాయొద్దు. ఒక వరుస ఖాళీ ఉంచుండ్రి సాలు. జాగా ఉంటే ఆయన ఉన్నట్టు" అంది. సరేనన్నారు. పలక వచ్చాక చూస్తే ఖాళీ లేదు. అడుగున ఖాళీ ఉంటే బాగుండదని చెక్కేవాడు పేర్లన్నిటినీ మధ్యకు సర్ది, చుట్టూ పూలతీగ వేశాడట. అడిగితే, "ఇప్పుడేం జేస్తం సిస్టర్, చెక్కినంక" అన్నారు. ఆ పలక ముందు ఇళ్ళవాళ్ళంతా తమ తమ తాతల పేర్ల మీద వేళ్ళు పెట్టి ఫొటోలు దిగారు. ఆ పేర్లు బయటికి తీసిన చేతిని ఒళ్ళో పెట్టుకొని పెద్దమ్మ వెనక బెంచీలో కూర్చుంది. నాకు ఆ రోజు అందరి మీదా కోపం వచ్చింది. దేవుడి మీద కూడా వచ్చింది, దాచుకోను.

ఆ వేసవిలో ఆవిడకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. కూతురు తీసుకొచ్చి మా వార్డులోనే చేర్చింది. పక్క మంచం మీదికి తిరుమలాయపాలెం నుంచి ఒకామె వచ్చింది, మాటల మనిషి. రోజంతా ఆవిడతో ఏదో ఒకటి చెప్పేది. పెద్దమ్మ ఊకొట్టేది. ఆమె పేరు మాత్రం అడగలేదు. తాత పేరూ అడగలేదు. మందులు, ఇంజెక్షన్లు, ఎక్స్‌రేలు చూసి నాకు భయం వేయలేదు. ఆవిడ పేరు అడగకపోవడం చూసి భయం వేసింది.

చివరి రోజు మధ్యాహ్నం కూతురు టీ తాగడానికి కిందికి పోయింది. నేను డ్రిప్పు సరిచేస్తుంటే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. యాసిడ్ కాలిన చర్మం అప్పటికి మానింది, కొత్త చర్మం గులాబీ రంగులో పల్చగా ఉంది. కూర్చోమన్నట్టు లాగింది. కూర్చున్నాను.

"నాకు ఆయన పేరు తెల్వదు" అంది. ప్రతి మాటకూ ఊపిరి తీసుకుంటోంది. "ఆయనకు నేను పుట్టినట్టే తెల్వదు. మా నాయిన పుట్టినట్టే తెల్వదు. గంతమందిల, బిడ్డా, ఎవరు ఎవర్ని పిలవాలె?"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎంతమందికి ఎన్ని చెప్పి ఉంటాను. తగ్గిపోతుంది, ఏం కాదు, దేవుడున్నాడు, పిల్లలొస్తున్నారు. ఏదీ నోటికి రాలేదు. ఆవిడ జవాబు కోసం నా మొహంలోకి చూస్తూనే ఉంది. చూపు నిలిచిపోయిన తర్వాత కూడా కాసేపు నేను వెతుక్కుంటూనే ఉన్నాను. నా చేత్తోనే ఆవిడ కళ్ళు మూశాను.